టీచరమ్మ ఇంట్లో చదువు

అడ్వొకసీ అనే మాట నేను విశాఖపట్నంలో ఒక హోటల్లో నేర్చుకున్నాను. రెండువేల ఏడో సంవత్సరం ఎండాకాలం అది. ఏసీ హాలు, మధ్యమధ్యలో టీ, బిస్కెట్లు. ఢిల్లీ నుంచి వచ్చిన మేడంగారు మా చేత రంగురంగుల అట్టముక్కల మీద రాయించి గోడకి అంటించారు. మనలాంటి పేద దేశాల్లో పనిలో పడి నలిగిపోతున్న పిల్లలు తమ తరఫున తాము మాట్లాడుకోలేరు, మనం మాట్లాడాలి, అదే అడ్వొకసీ అన్నారు. మరి ఎవరితో మాట్లాడాలి అంటే తలా ఒకటి రాశాం. కలెక్టరు, ఎమ్మెల్యే, కార్మిక శాఖ, పత్రికలవాళ్లు. వదిన అని ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

అనకాపల్లిలో మాదొక చిన్న సంస్థ. పనికి పోయే పిల్లల్ని బడిలో చేర్పించడమే మా పని. ఆడపిల్లల కోసం ఊళ్లో ఒక బ్రిడ్జి స్కూలు నడిపేవాళ్లం. బడి మానేసిన పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, ఏడాదిలోగా తమ వయసుకి తగిన తరగతిని అందుకోవాలి. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ముప్ఫయ్యేళ్లకే నా చెప్పుల అరుగుదల చూసి అమ్మ దిగులు పడేది, పెళ్లి సంబంధాల వాళ్లు ముందు కాళ్లే చూస్తారని. నాకు నక్కపల్లి మండలంలో సముద్రం ఒడ్డు ఊళ్లు అప్పగించారు. వాటిలో నన్ను ముప్పుతిప్పలు పెట్టింది రాజయ్యపేట.

అక్కడ ఇబ్బంది ఏమిటంటే, బడి తెరిచే నెలా వేట తెరిచే నెలా ఒకటే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమి నుంచి మే నెలాఖరు దాకా వేట బందు. ఆ రోజుల్లో మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టునే ఉంటారు. ఎంత మాట్లాడినా వింటారు, అన్నిటికీ సరే అంటారు. జూన్ వచ్చేసరికి పడవలు దిగుతాయి. తెల్లారేసరికి ఆడవాళ్లంతా ఒడ్డున ఉండాలి. చేప ఏరాలి, మంచు కొట్టాలి, గంపకెత్తుకుని ఆటో ఎక్కాలి. అప్పుడు పసిపిల్లలు ఎవరి చంకనెక్కుతారు? ఇంట్లో పెద్ద ఆడపిల్ల చంకనెక్కుతారు. మేం బడి బడి అంటూ కరపత్రాలు పట్టుకుని దిగేది సరిగ్గా ఆ వారమే.

ఆ జూన్‌లోనూ అలాగే దిగాను. ఒడ్డున పట్టా పరిచి ఆడవాళ్లు చేప ఏరుతున్నారు. చుట్టూ ఆడపిల్లలు, ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క పసివాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఆడపిల్లని పనిలో పెట్టడం ఎంత అన్యాయమో, చదువుకుంటే ఏమవుతుందో, అన్నీ చెప్పాను. నేను బాగానే మాట్లాడతాను, ఆ గర్వం నాకుంది. అయితే అందరికన్నా పెద్దావిడ తల ఎత్తకుండానే నా గాలి తీసేసింది.

"ముందు మీ ఇంట్లో ఉన్న మా ఊరి పిల్లని బడికి పంపించమ్మా. అప్పుడొచ్చి మా పిల్లల్ని అడుగు."

"మా ఇంట్లో మీ ఊరి పిల్ల ఎవరమ్మా?" అన్నాను. నిజంగానే నాకు తెలియలేదు.

"మీ అన్న ఇంట్లో నేదేటి? టీచరమ్మ కాడ."

పట్టాకి అవతలి వైపున ఒకామె చేతిలో చేపని విసిరికొట్టి లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంది. ఆ పిల్ల తల్లి ఆమే.

"నా కూతురు పనికెల్లలేదు. సదువుకోడానికెల్లింది. టీచరమ్మ ఇంట్లో ఉంటే సదువు రాదా ఏటి?"

"సదువుకోడానికెల్లిన పిల్ల సంకలో పిల్లోడెందుకున్నాడే? అనకాపిల్లి ఆసుపత్రికెల్లినప్పుడు నా కళ్లతో సూసేను" అంది పెద్దావిడ.

అందరూ నవ్వారు. తల్లి నవ్వలేదు, నేనూ నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అదే ఊళ్లో మళ్లీ నోరెత్తాలంటే ఆ పిల్ల సంగతి తేలాలి. అది తేలకుండా నేనింక ఎన్ని కరపత్రాలు పంచినా అవి చేప చుట్టుకోవడానికే పనికొస్తాయి.

ఇక్కడ మా ఇంటి గొడవ కొంచెం చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ అది లేకపోతే ఈ కథ లేదు.

మేం బాప్టిస్టులం. మా సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. పెరిగి, తెలిసి, తనంతట తాను ఒప్పుకున్నాక శారదానదిలో ముంచి ఇస్తారు. వదినవాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. వాళ్లకి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే గుడిలో తలమీద నీళ్లు పోసి జ్ఞానస్నానం చేయిస్తారు. అన్నయ్య బెల్లం మార్కెట్టులో ఒక కొట్టులో గుమస్తా. వదినని ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లప్పుడు రెండు వైపులా పెద్దలు ఉదారంగానే ఉన్నారు. ఆదివారం ఆమె పూజకి, ఈయన ఆరాధనకి, మధ్యాహ్నం ఇద్దరూ ఒకే కోడికూరకి. బాబు పుట్టేదాకా అలాగే నడిచింది.

బాబుకి నెల నిండగానే వదిన వాణ్ణి గుడికి తీసుకెళ్లి జ్ఞానస్నానం చేయించుకొచ్చింది. అమ్మకి ముందు చెప్పలేదు. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "ఏమీ తెలియని బిడ్డకి నాలుగు చుక్కలు చల్లితే అది బాప్తిస్మం అవుద్దా?" అంది. వదినకి బాలింత నీరసం, పైగా నోరు తక్కువది కాదు. "నదిలో ములిగినోళ్లందరూ పరలోకం పోతే చేపలన్నీ ముందే పోయుంటాయి అత్తయ్యా" అంది.

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. అమ్మ ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని నా అద్దె ఇంటికి వచ్చేసింది. రెండు వీధుల అవతలే కొడుకు ఇల్లు, అయినా మళ్లీ ఆ గడప తొక్కలేదు, మనవణ్ణి ఎత్తుకోలేదు. నేను వెళ్లినా ముఖం ముడుచుకునేది కాబట్టి నేనూ వెళ్లడం దాదాపు మానేశాను. వేసవి సెలవుల్లో ఒకసారి వాళ్లింట్లో ఆ పిల్లని చూశాను. వదిన తరఫు చుట్టాల పిల్ల సెలవులకి వచ్చింది అనుకున్నాను.

వదిన ప్రభుత్వ బడిలో టీచరు. ఉద్యోగం మొదట్లో నక్కపల్లి వైపు చేసింది. ఆ పిల్ల తల్లి అప్పుడే వదినకి చేపలు పోసేది, అలా పరిచయం. తర్వాత కోటవురట్ల అవతల ఒక పల్లెకి బదిలీ అయింది. పొద్దున్న బస్సెక్కితే మళ్లీ దీపాలవేళకి ఇల్లు చేరేది. కాన్పు సెలవు అయిపోయేసరికి బాబుని చూసేవాళ్లు లేరు. అప్పుడు గుర్తొచ్చింది ఆ చేపలావిడా, ఆవిడ పెద్ద కూతురూ.

ఆ ఆదివారం నేను నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన పూజ నుంచి వచ్చి ఉల్లిపాయలు కోస్తోంది. ఆ పిల్ల వరండాలో బాబుకి అన్నం పెడుతోంది. పదకొండేళ్లుంటాయి. శుభ్రమైన గౌను, నూనె రాసి రెండు జడలు, రిబ్బన్లు. ఉన్నమాట చెప్పాలి, వదిన ఆ పిల్లని బాగా చూసుకుంటోంది. తమతోపాటే కూర్చోబెట్టి అదే కూర వేస్తుంది. ఒక్క దెబ్బ వేసి ఎరగదు. కోపంగా వెళ్లిన నాకు అది చూశాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తిడుతూ కొడుతూ ఉంటే నా పని ఎంత తేలికయ్యేదో.

"ఈ పిల్ల ఏ బడికి వెళ్తోంది వదినా?" అన్నాను.

"బడి దేనికి? నేను టీచర్ని కాదేటి? సాయంత్రం ఇంట్లో నేనే చెప్తాను."

"చెప్తున్నావా?"

కత్తిపీట ఆగింది. "మొదట్లో చెప్పేను. పలకా పుస్తకం కూడా కొన్నాను. బస్సు దిగి, వంట చేసి, వీణ్ణి పడుకోబెట్టి పుస్తకం తీసేసరికి అది గోడకి జారబడి నిద్రపోద్ది. పుస్తకం పట్టుకుని నేనూ నిద్రపోతాను. ఏం చెయ్యమంటావు?"

ఇళ్లలో పసిపిల్లల్ని పనికి పెట్టుకోకూడదని కిందటేడే చట్టం వచ్చింది, నువ్వు సర్కారు ఉద్యోగివి, అన్నాను. నాకు చట్టాలు కంఠతా వచ్చు. వదినకి కోపం కంఠతా వచ్చు.

"అయితే కేసు పెట్టు. రేపు బడి మానేసిన పిల్లల కోసం వీధులు తిరగమని మాకూ డ్యూటీ వేశారు. నా క్లాసులో ఉన్న పిల్లలకి నేను వెళ్లకపోతే పాఠం ఎవరు చెప్తారు? వీణ్ణి ఎవరికిచ్చి వెళ్లను? మీ అమ్మగారు ఎత్తుకుంటే నాకీ పిల్ల దేనికి?"

అన్నయ్య వైపు చూశాను. అన్నయ్య పేపరు వైపు చూశాడు. వదిన కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్ల అనుకోమన్నట్టు ముక్కు ఎగబీల్చింది కానీ అప్పటికి ఉల్లిపాయలు కోయడం ఎప్పుడో అయిపోయింది.

"వాడు నన్ను చూసి ఏడుస్తాడు, దాన్ని చూసి నవ్వుతాడు. నాకేమైనా బాగుంటదేటి?" అంది.

వరండాలో ఆ పిల్ల ఇవన్నీ వింటూనే ఉంది. తన గురించే అని తెలుసు. బాబు మూతి తుడిచి, వాణ్ణి ఎత్తుకుని, మా మాటలు వినపడనంత దూరం పెరట్లోకి వెళ్లిపోయింది.

తర్వాతి వారం, వదినకి బడి సెలవైన రోజు, ఆ పిల్ల తల్లి అనకాపల్లి వచ్చింది. ఒడ్డున అందరిలో పడిన మాట ఆమెకి గుచ్చుకుని ఉంటుంది. ముందు మా ఆఫీసుకి వచ్చి, "రా, నువ్వూ సూద్దువుగాని" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. టీచరమ్మ కోసం ఎండుచేపలు తెచ్చింది. కూతుర్ని చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. బుగ్గలు పట్టి చూసింది, జడలు తడిమింది, గౌను అంచు తిప్పి చూసింది. నావైపు తిరిగి చూసిన చూపులో, ఇప్పుడేమంటావు అని ఉంది.

తర్వాత గోడకి వేలాడుతున్న గుడివాళ్ల క్యాలెండరు చూపించి, "ఏదమ్మా, అది సదువు" అంది.

పిల్ల బాబుని కిందికి దించింది. క్యాలెండరు దగ్గరికి వెళ్లి నిలబడింది. అంకెలు చదివింది. ఒకటి, రెండు, మూడు అంటూ నెలాఖరు దాకా తడబడకుండా చదివింది. అక్కడికి ఆగింది.

"పైన పెద్దచ్చరాలున్నాయి కదేటి. అయి?"

పిల్ల వదిన వైపు చూసింది. వదిన నేల వైపు చూసింది. తల్లికి తనకే చదువు రాదు, కానీ కూతురు ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు.

"ఏటి టీచరమ్మా, ఏడాదైపోనాది, ఇంకా అచ్చరాలు రానేదా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వదిన లోపలికి వెళ్లి ఆమెకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇంతకీ ఎవరి పొరపాటు? నేను చాలాసార్లు ఆలోచించాను. టీచరమ్మ ఇంట్లో ఉండటం అంటే చదువుకోవడమే అని తల్లి నమ్మింది. తన ఇంట్లో ఉండటం అంటే చదువుకోవడమే అని టీచరమ్మా నమ్మింది. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడినా నేను రోడ్డెక్కి అరిచి ఉండేదాన్ని.

పిల్లని ఇంటికి తీసుకుపొమ్మన్నాను. తల్లి తల అడ్డంగా ఊపింది.

"తీసుకుపోయి ఏటి సెయ్యను? ఇంటికాడ మా సిన్నోణ్ణి ఇప్పుడు రెండోది సూత్తంది. ఇదొత్తే ఆడు దీని సంకెక్కుతాడు. అక్కడా బిడ్డే, ఇక్కడా బిడ్డే. ఇక్కడైతే కడుపునిండా తింటది."

"బ్రిడ్జి స్కూల్లో పెడదాం. ఇక్కడే అనకాపల్లిలోనే ఉంటుంది. తిండీ పడకా అన్నీ అక్కడే, ఎవరి బిడ్డనీ ఎత్తుకోనక్కర్లేదు. చదువు ఒక్కటే పని" అన్నాను.

ఈడొచ్చే పిల్ల, అక్కడ మగోళ్లుంటారా అని అడిగింది. ఉండరన్నాను. ఆఖరికి, "టీచరమ్మ ఒప్పుకుంటే నాకు సమ్మతమే. నేను మాటిచ్చి పంపించేను. ఆవిడ బిడ్డని నడిమద్దెన దింపేసి పోమని నేను సెప్పనేను" అంది.

వదిన ఒప్పుకోవడమంటే బాబుకి ఇంకొకరు దొరకాలి. అక్కడికి తిరిగి తిరిగి వ్యవహారం మా అమ్మ దగ్గరికి వచ్చింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ బైబిలు చదువుకుంటోంది. అమ్మ పెద్ద చదువులు చదవలేదు. మా అమ్మమ్మ దగ్గర కూర్చుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. తెలుసుకోకుండా తల ఊపకూడదు అనేది అమ్మ మతంలో సగం. నేను చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను. నిదానంగా చెప్పాలని దారంతా అనుకున్నాను, కానీ ఆ క్యాలెండరు ముందు పిల్ల నిలబడిన తీరు కళ్లల్లోంచి పోలేదు.

"ఏమీ తెలియని బిడ్డకి నీళ్లు చల్లడం తప్పు అని ఇల్లు వదిలి వచ్చేవు. బాగానే ఉంది. పదకొండేళ్ల పిల్లకి అక్షరం ముక్క తెలియకుండా పోతోంది. అది తప్పు కాదా? నువ్వు ఎత్తుకోని బిడ్డనే ఆ పిల్ల ఏడాదిగా ఎత్తుకుంటోంది."

"నామీద పెట్టకు. ఆ చేపల మాట నేనన్నానా?" అంది అమ్మ.

"చేపల మాట వదిన అంది. శిక్ష మాత్రం చేపలమ్ముకునే ఆవిడ కూతురికి పడింది."

అమ్మ బైబిలు మూసేసింది. అన్నం పెట్టింది కానీ తను తినలేదు. గిన్నెలు కడుగుతూ, నావైపు చూడకుండా, "ఆ పిల్లకి ఏమీ చదవడం రాదా?" అని అడిగింది. అంకెలు వచ్చు అన్నాను. "అంకెలు ఎవరికైనా వస్తాయి" అంది. నాకు అప్పుడు అమ్మ మీద కోపం పోయి జాలేసింది. మనవణ్ణి ఎత్తుకోవాలని ఆవిడకి ఎంత ఉందో నాకు తెలుసు. మొండితనంలో ఇరుక్కుపోయిన మనిషికి బయటికి రావడానికి ఒక మర్యాదైన దారి కావాలి.

సోమవారం పొద్దున్నే అమ్మ ఉతికిన చీర కట్టుకుని, చిన్న సంచి పట్టుకుని బయల్దేరింది. నేను వెనకాల నడిచాను. వదిన బస్సుకి తయారవుతోంది. అమ్మ గడప దగ్గర నిలబడి, ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా, గోడకి చెప్పినట్టు చెప్పింది.

"నేను బిడ్డ కోసం వచ్చేను. నీతో మాటాడ్డానికి రాలేదు."

వదిన జడ వేసుకోవడం ఆపలేదు. "మాటాడకండి అత్తయ్యా. తొమ్మిదింటికి పాలు పట్టండి."

అన్నయ్య ఈసారి నవ్వలేదు. బుద్ధొచ్చినట్టుంది.

అంతా కుదిరింది అనుకున్నాను. ఆ పిల్లని ఎవరం అడగలేదని అప్పుడు తెలిసింది. పిల్ల బాబుని ఇవ్వకుండా అలాగే పట్టుకుని నిలబడింది. వాణ్ణి అమ్మకి ఇవ్వమంటే, ఇచ్చే ముందు అన్నీ అప్పజెప్పింది. "పెరుగన్నం తినడు మామ్మగారూ, ఊసేత్తాడు. పప్పు బాగా మెదిపి పెట్టాల. కాకిని సూపిత్తే నోరు తెరుత్తాడు. పడుకోబెట్టినప్పుడు ఈపు మీద కొట్టకూడదు, నిమరాల." అమ్మ జీవితంలో ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోని మనిషి. ఆ రోజు మాత్రం నోరెత్తకుండా అంతా విని, మధ్యలో ఒకసారి, "పప్పులో ఉప్పు వెయ్యొచ్చా?" అని కూడా అడిగింది.

బాబుని ఇచ్చేశాక పిల్ల ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. బస్సు టైము దాటిపోతున్నా వదిన కదల్లేదు. పిల్లని పనిలోంచి విడిపించిన సంతోషంతో నేను ఫొటో తీయాలి, మా ఆఫీసుకి అలాంటి ఫొటోలు కావాలి. కెమెరా సంచిలోనే ఉండిపోయింది. నాకు ఆ క్షణంలో నేను మంచి పని చేస్తున్నానో, ఒక పిల్లని బిడ్డ దగ్గర్నుంచి లాక్కుపోతున్నానో తెలియలేదు.

బ్రిడ్జి స్కూల్లోంచి పిల్లలు పారిపోవడం మామూలే. వాళ్లు ఇంటికి పారిపోతారు. ఈ పిల్ల మాత్రం వదిన ఇంటికి పారిపోయింది. మొదటిసారి వెళ్లి అమ్మ చేతిలోంచి బాబుని తీసుకుని, అన్నం పెట్టి, పెరట్లో కూర్చుంది. అమ్మ బాబుని చంకనేసుకుని రిక్షా మాట్లాడి పిల్లని స్వయంగా స్కూలుకి తీసుకొచ్చి దింపింది. కొద్ది రోజులకి మళ్లీ అదే పని. ఈసారి రిక్షా దిగుతూ అమ్మ పిల్లతో ఒక ఒప్పందం చేసుకుంది. "నువ్వు రావద్దు. ఆదివారం ఆరాధనయ్యాక నేనే వీణ్ణి తీసుకొస్తాను. నేను వచ్చినప్పుడల్లా నువ్వు నాకో కొత్త మాట చదివి చూపించాల. లేకపోతే వీణ్ణి ఇవ్వను."

మా టీచర్లకి ఇది నచ్చలేదు. పిల్లలకి చదువు మీద ప్రేమ పుట్టించాలి గానీ ఇదేమి బేరం అన్నారు. నేను విననట్టు ఊరుకున్నాను. వర్షాలు వెనకబట్టేసరికి ఆ పిల్ల ఒత్తులు కూడా కూడబలుక్కుని చదివేస్తోంది. బాబు మా అమ్మ చేతి పెరుగన్నం తినేస్తున్నాడు. అమ్మా వదినా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ముందు పాల గురించి, తర్వాత పోట్లాటలు.

తల్లి కూడా ఒక రోజు వచ్చి కూతుర్ని చూసింది. ఈసారి క్యాలెండరు అక్కర్లేకపోయింది. వీధిలో పోయే బస్సు మీద ఏముందో, ఎదురు కొట్టు బోర్డు మీద ఏముందో అన్నీ కూతురు చేత చదివించుకుంది. తర్వాత తిరుగు బస్సెక్కేసింది. నచ్చిందో నచ్చలేదో కూడా నాకు అంతుపట్టలేదు.

దసరా సెలవులయ్యాక నేను మళ్లీ రాజయ్యపేట వెళ్లాను. అదే పట్టా, అవే గంపలు. వెళ్లేటప్పుడు దారిలో ఏం మాట్లాడాలో బాగా కూర్చుకున్నాను. మా ఇంట్లో పిల్లని బడికి పంపించాను, ఇక మీ వంతు అని మొదలుపెడదామనుకున్నాను. నా నోట్లోంచి మొదటి మాట రాకముందే ఆ పిల్ల తల్లి లేచి నిలబడింది. చేతులు చీరకి తుడుచుకుంది. అందరికీ వినపడేలా, జూన్‌లో తనని ఎగతాళి చేసిన పెద్దావిడ వైపు చూస్తూ చెప్పింది.

"నా కూతురు సదువుకే ఎల్లిందని మీ అందరితోటీ దెబ్బలాడేను. సదువుకెల్లలేదు. దాని తమ్ముణ్ణి కిందకి దించి, టీచరమ్మ కొడుకుని ఎత్తుకుంది. దాని తమ్ముడు దాని సెల్లి సంకెక్కేడు. ఇద్దరూ సదవలేదు. ఇప్పుడు పెద్దది సదువుతంది. నేను సూసొచ్చేను."

"మరి నీ సిన్నోణ్ణి ఎవులెత్తుకుంటారే?" అంది పెద్దావిడ. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది, ఎందుకంటే అక్కడున్న ప్రతి మనిషికీ అదే ప్రశ్న. ఒడ్డున పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం పెట్టమని నేను మా ఆఫీసులో అడుగుతూనే ఉన్నాను, చూద్దాం అంటున్నారు. చూద్దాం అనే మాట ఆ ఆడవాళ్లకి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

"నేను కన్నాను. నేనే ఎత్తుకుంటాను" అంది తల్లి.

రెండో కూతురు పట్టా పక్కనే నిలబడి ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల, చంకలో తమ్ముడి బరువుకి నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది. తల్లి వెళ్లి వాణ్ణి తీసుకుంది. వాడు గుక్కపెట్టాడు. వాణ్ణి ఎడం చంకన వేసుకుని కొంగుతో బిగించి కట్టుకుంది. పక్కామె గంప అందిస్తే నెత్తిన పెట్టుకుంది. చేప నీళ్లు కారి పిల్లాడి తల మీద పడుతున్నాయి, కుడిచేత్తో తుడుస్తూ నక్కపల్లి ఆటో దగ్గరికి నడిచింది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "ఊళ్లో బడికి ఈయేలే పంపించీ. రేపు నా మనసు మారిపోద్ది" అంది నాతో.

ఆ రెండో పిల్ల చేయి పట్టుకుని నేను బడి వైపు నడిచాను. వెనకాల ఎవరో పిలిచారు. ఇంకో ఇద్దరు తల్లులు లేచి వస్తున్నారు. వాళ్లు ముందు తమ కూతుళ్ల చంకల్లోంచి పసివాళ్లని తీసి తాము ఎత్తుకున్నారు, ఆ తర్వాతే కూతుళ్ల పేర్లు చెప్పారు.